ఆటకు ముందు పదునైదు నిమిషములు

ఏటేటను ఈ సంచికలో ఆటల పోటీల వృత్తాంతము ప్రకటింపబడుచుండును. ఏ జట్టు గెలిచినది, ఎవరికి బహుమానము వచ్చినది, ఎవ్వ రెంత దూరము దుమికిరి అను సంగతులన్నియు నందుండును. ఆటలో గాయపడినవారి సంగతి మాత్రము కానరాదు. ఒకవేళ కానవచ్చినను, “కాలినొప్పిని లెక్కసేయక తుదివఱకు నాడి పాఠశాల గౌరవమును నిలిపిరి” అను మెప్పుగానే యుండును. ఆ మెప్పు తగినదేనా యని ఈ యేడు మమ్ము మేమే ప్రశ్నించుకొనవలసి వచ్చినది. దానికి కారణమైన సంగతిని ముందుగా జెప్పెదము.

గడచిన యేడు మన బాలికల జట్టు పొరుగూరి జట్టుతో ఖోఖో ఆడుచుండెను. అప్పుడు మనవారిది తప్పించుకొని పరుగెత్తు వంతు. వారిలో నొకతె వెంట దఱుముచున్న పిల్లను ఏమార్చుటకై పరుగును దటాలున నాపి ప్రక్కకు మరలెను. పాదము నేలలో నాటుకొని నిలిచిపోయెను. మేను మాత్రము తిరిగెను. ఆమె కూలబడెను. ఆమె నెవ్వరును తాకలేదు. తాకియుండినచో ఔటై యుండెడిది గదా! మోకాలిలో ఏదియో టప్పున తెగినట్లు తోచెనని ఆమె తరువాత జెప్పినది. అంతలో వంతు ముగిసినట్లు ఈల యూదిరి. ఒకరు మంచినీళ్లు తెచ్చిరి. ఒకరు మోకాలికి గుడ్డ బిగించి కట్టిరి. “లేమ్మా, ఇంకొక్క వంతే గదా!” యని మేమందఱమును కేకలు వేసితిమి. ఆమె లేచి కుంటుచు మైదానములోనికి వచ్చెను. మేము చప్పట్లు చఱచితిమి. నాలుగడుగులు పరుగిడునంతలో ఆ మోకాలు జారి మరల మడతపడెను. ఈసారి ఆమె లేవలేదు.

ఆ యాటను మనవారే గెలిచిరి. ఆ బాలిక మాత్రము ఆ యేడు మరల మైదానమున అడుగు పెట్టలేదు. మోకాలి లోపలి లిగమెంటు తెగినదనియు, రెండవమాఱు కాలు జారుటచే లోపలి మెత్తని దిండు కూడ చినిగినదనియు వైద్యులు చెప్పిరి. మొదటి పాటు ఆటలో గలిగినది. రెండవ పాటునకు కారకు లెవరు? ఆమె కాదు, జట్టు నాయకురాలు కాదు. కేకలు వేసి చప్పట్లు చఱచిన మేమే. ఈ సంగతిని వ్రాయవచ్చునా యని ఆమెనే యడిగితిమి. “వ్రాయుడు, నా పేరు మాత్రము వలదు” అనినది. అందుచేత పేరు వ్రాయలేదు.

మోకాలు చూచుటకు తలుపు బందువంటి కీలు. అందు తొడయెముకయు, దాని క్రింది పెద్దయెముకయు ఒకదానిపై నొకటి నిలిచియుండును గాని, గుంటలో బంతివలె నొదిగి యుండవు. కావున వానిని కూర్చి పట్టియుంచు భారము లిగమెంట్లను బలమైన కట్లపైనను, చుట్టునున్న కండరములపైనను పడుచున్నది. కీలు నడుమ రెండు లిగమెంట్లు గుణకారపు గుర్తువలె ఒకదాని కొకటి అడ్డముగా నుండును. వానిలో ముందరిదానిని వైద్యులు ఏ.సీ.ఎల్. అందురు. క్రిందియెముక ముందునకు జారకుండను, మితిమీరి మెలిదిరుగకుండను ఆపునది యిదియే. రెండెముకల నడుమ నెలవంకవంటి మెత్తని దిండ్లు రెండు గలవు, వానిని మెనిస్కసులందురు. ఏ.సీ.ఎల్. తెగిన మోకాలితో మరల పరుగిడినచో కీలు జారి ఆ దిండ్లు నలిగి చినుగవచ్చును. మా కన్నులయెదుట జరిగినది యిదియే.

“ఆటలన్న పిమ్మట దెబ్బలు తగులకుండునా? అంతయు తలవ్రాత” యని మన పెద్దలలో ననేకు లందురు. మేమును నిన్నమొన్నటివఱకు అట్లే తలచితిమి. కాని గడచిన ముప్పదియేండ్లలో క్రీడావైద్యులు జరిపిన పరిశోధనలను తెలిసికొన్న కొలదియు ఆ తలంపు మా మనస్సున నిలువలేదు. ఈ లిగమెంటు తెగిన సందర్భములలో పదింట నేడు పాళ్లు ఇతరులు ఢీకొనుటచే గలిగినవి కావు. పరుగును హఠాత్తుగా నాపుట, దిక్కు మార్చుట, ఎగిరి ఒంటికాలిపై దిగుట, వీనివలననే యవి గలుగుచున్నవి. అనగా ఎదిరిపక్షమువారి మోటుదనముకంటె, మన కాలు నేలను దాకు తీరే ఎక్కువగా మనకు శత్రువగుచున్నది.

నార్వే దేశపు పరిశోధకులు హాండుబాలు, బాస్కెట్‌బాలు ఆటలలో స్త్రీలకు గలిగిన పది ఇట్టి గాయముల చలనచిత్రములను పరీక్షించి 2010లో తమ నిర్ణయమును ప్రకటించిరి. పాదము నేలను దాకిన పిమ్మట సుమారు 40 మిల్లీసెకనులలోనే, అనగా సెకనులో నిరువదియైదవ పాలులో, లిగమెంటు తెగుచున్నదని వారు తేల్చిరి. ఆ క్షణమున మోకాలు లోపలివైపునకు వాలి మెలిదిరుగుచున్నది. కంటిఱెప్ప వేసి తెఱచుటకు దీనికంటె నెక్కువ కాలము పట్టును. అంతటి స్వల్పకాలములో “జాగ్రత్త!” యని ఉపాధ్యాయుడు చెప్పినను వినబడదు, బాలిక తానే తలచుకొన్నను ప్రయోజనము లేదు. శరీరమున కంతకుముందే యలవడిన తీరున కాలు దిగును. మంచి తీరు నేర్చినదేని మంచిగా దిగును. నేర్వనిచో ఎట్లు పడునో యట్లు పడును. కావున మోకాలికి పాఠము ఆటలో జెప్ప వీలులేదు. ఆటకు ముందే చెప్పవలయును. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ఆ పాఠము ఫలించునా యని కొందఱు సంశయింపవచ్చును. దానిని పెక్కు దేశములలో పరీక్షించి చూచిరి. నార్వేలో 15 మొదలు 17 ఏండ్ల వయసుగల 1837 మంది హాండుబాలు క్రీడాకారులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిచే ఆటకు ముందు క్రమబద్ధమైన యభ్యాసములను చేయించిరి. ఆ ఫలితములు 2005లో ప్రకటింపబడినవి. ఒక్క ఆటకాలములో మోకాలికో చీలమండకో హఠాత్తుగా తగిలిన గాయములు అభ్యాసము చేసిన పక్షమున 48. చేయని పక్షమున 81. పిమ్మట స్వీడను దేశమున 12 మొదలు 17 ఏండ్ల వయసుగల 4564 మంది ఫుట్‌బాలు బాలికలను పరీక్షించి 2012లో ఫలితములను వెల్లడించిరి. వారిలో ఒక పక్షమువారు వారమునకు రెండుమాఱులు పదునైదు నిమిషములు చొప్పున అభ్యాసము చేసిరి. ఆ పక్షమున 7 మందికి, రెండవ పక్షమున 14 మందికి ఏ.సీ.ఎల్. గాయము గలిగెను. ఆడిన గంటల లెక్కనుబట్టి చూడగా అభ్యాసము చేసినవారికి నూటికి 64 పాళ్లు తక్కువగా గాయములు తగిలినవి.

పరీక్షలన్నియు ఒకేరీతిగా తేలలేదని చెప్పుట న్యాయము. నార్వేలోనే ఫుట్‌బాలు బాలికలపై జరిపి 2008లో ప్రకటించిన పెద్ద పరీక్షలో, కాళ్ల గాయము లన్నిటిని కలిపి లెక్కింపగా కనబడిన తగ్గుదల నిస్సంశయముగా నిర్ధారింపదగినంత లేదు. కాని తీవ్రమైన గాయములు మాత్రము ఇంచుమించు సగమునకు తగ్గినవి. మఱియొక విశేష మేమనగా, అభ్యాసములను క్రమము తప్పక చేసినవారికే మేలు ఎక్కువగా గలిగినది. చిన్నపిల్లలకై ఐరోపాలో నాలుగు దేశములందు నడపిన పరీక్ష 2018లో ప్రకటింపబడినది. అందు గాయములు నూటికి 48 పాళ్లు తగ్గినవి.

స్వీడను బాలికలచే జేయించిన దేమి? ఖరీదైన యంత్రములతో పనిలేదు. ప్రత్యేకమైన గది యక్కఱలేదు. అయిదు నిమిషములు మెల్లగా పరుగిడిన తరువాత ఆఱు అభ్యాసములు చేయించిరి: ఒంటికాలిపై గుంజీలు, రెండుకాళ్లపై గుంజీలు, వెల్లకిల పండుకొని నడుమును పైకెత్తుట, మోచేతులపై పలకవలె మేనిని నిలుపుట, పెద్ద యడుగు ముందునకు వేసి క్రుంగుట, ఎగిరి మెత్తగా దిగుట. అన్నిటియందును ముఖ్యసూత్ర మొక్కటియే. మోకాలు లోపలికి వాలక, పాదపు వ్రేళ్లకు సూటిగా నుండవలయును. దిగునప్పుడు మోకాళ్లు వంగి చప్పుడు లేకుండ దిగవలయును. మన బడులలో గుంజీలు తీయుట చిరకాలముగా నొక శిక్ష. ఇకమీదట దానిని రక్షగా మార్చుకొనుట మనకు సిగ్గుకాదు.

బాలికల విషయమున ప్రత్యేకముగా నొకమాట చెప్పవలయును. ఒకే యాటను ఆడు బాలురకంటె బాలికలకు ఈ గాయము రెండు మూడు రెట్లు ఎక్కువగా తగులుచున్నదని పరిశోధనలు తెల్పుచున్నవి. దీనికి కారణము శరీర నిర్మాణమా, కండరముల బలమా, చిన్ననాటినుండి ఆటలయందు తగిన శిక్షణ లేకపోవుటయా యని పండితులు ఇంకను చర్చించుచున్నారు. ఈ మాట వినినంతనే కొందఱు తలిదండ్రులు, “అట్లయిన మా యమ్మాయి నాటలకు పంపము” అనవచ్చును. తల్లులారా, తండ్రులారా! స్వీడనులో ఆ 4564 మంది బాలికలను ఎవ్వరును ఇంట గూర్చుండబెట్టలేదు. ఆడనిచ్చిరి, ఎట్లు దిగవలయునో నేర్పిరి. మీ బిడ్డను మైదానమునుండి తీసికొనిపోవలదు. మైదానమునకు వచ్చు ముందు ఆమె మోకాలికి తగిన శిక్షణ నిమ్మని మమ్ము నిర్బంధింపుడు.

ఇక తుంటి సంగతి. మోకాలు పైకి కనబడును; వాచినచో తెలియును. తుంటికీలు లోతున దాగియుండును. అంతేగాక దాని నొప్పి తఱచుగా తన స్థలమున దెలియక తొడయందో మోకాలియందో తోచును. ఏలయన ఈ రెండు కీళ్లకును పోవు నరములలో కొన్ని యొక్కటియే. పది మొదలు పదునాఱేండ్ల ప్రాయమున, అనగా పిల్లలు వేగముగా నెదుగు కాలమున, తొడయెముక తలయందలి ఎదుగుదల పలక సడలి ఆ తల కొంచెము కొంచెముగా జారు వ్యాధి యొకటి గలదు. మేని బరువెక్కువగా గల పిల్లలకు ఇది వచ్చు నవకాశ మెక్కువ. పిల్లవాడు, “మోకాలు నొప్పి” యని మాత్రమే చెప్పును, కొంచెము కుంటును. మోకాలికి ఎక్సురే తీసినచో ఏ దోషమును గనబడదు. “సోమరితనము” అని బడిలో అందురు. “ఎదుగుదల నొప్పి” అని ఇంట అందురు. ఈలోగా తుంటి మఱింత జారును. ఆలస్యమైన కొలదియు ఆ యెముక తలకు రక్తప్రసారము చెడి, జీవితాంతము కుంటవలసిన ప్రమాదము గలదు. కావున కుంటుచు మోకాలినొప్పి యని చెప్పు పిల్లలకు తుంటిని గూడ పరీక్షింపుమని వైద్యుని కోరవలయును. ఈ యొక్క మాటను ఉపాధ్యాయులును తలిదండ్రులును జ్ఞాపక ముంచుకొన్న చాలును. ఈ వ్యాసము వ్రాసిన శ్రమ మాకు ఫలించినట్లే.

గాయము తగిలిన పిమ్మట చికిత్సను గూర్చియు కొన్ని దురభిప్రాయములు గలవు. వాచిన మోకాలిని మర్దనచేయించి, నాటు కట్టు కట్టించి, నొప్పి తగ్గగానే ఆటకు పంపుట ఒకటి. శస్త్రచికిత్స చేయించినచో అంతటితో తీఱినదని తలచుట వేఱొకటి. స్వీడనులో ఏ.సీ.ఎల్. తెగిన 121 మంది యువజనులపై నొక పరీక్ష జరిపి 2010లో ప్రకటించిరి. కొందఱికి వెంటనే శస్త్రచికిత్స చేసి వ్యాయామ చికిత్స నిచ్చిరి. తక్కినవారికి ముందుగా వ్యాయామ చికిత్సనే యిచ్చి, అవసరమైనచో తరువాత శస్త్రచికిత్స చేసిరి. రెండేండ్ల తరువాత చూడగా ఉభయులకును సమానముగానే నెమ్మదించెను. రెండవ పక్షమున అయిదేండ్లు గడచునప్పటికి శస్త్రచికిత్స చేయించుకొన్నవారు సుమారు సగముమంది మాత్రమే. ఎవరికేది తగునో వైద్యుడే నిర్ణయింపవలయును. ముఖ్యముగా ఎదుగుచున్న పిల్లల విషయమున. కాని ఏ మార్గమున బోయినను నెలల తరబడి వ్యాయామము తప్పదు. శస్త్రచికిత్స చేయించుకొన్నవారు తొమ్మిది నెలలవఱకు ఆగిన కొలది, ఆలసించిన ప్రతినెలకును మరల గాయపడు నపాయము ఇంచుమించు సగము చొప్పున తగ్గుచున్నదని నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో తెల్పిరి.

ఇంత తొందర వలదనుటకు మఱియొక హేతువు గలదు. ఏ.సీ.ఎల్. తెగిన ఫుట్‌బాలు స్త్రీలను పండ్రెండేండ్ల తరువాత స్వీడనులో పరీక్షించి 2004లో ప్రకటించిరి. ఎక్సురే తీయించుకొన్నవారిలో సగముమందికి కీలరుగుదల యప్పటికే స్పష్టముగా నుండెను. అప్పటికి వారి సగటు వయస్సు ముప్పదియొక్క యేడు. ముసలితనమున రావలసిన నొప్పి బిడ్డల నెత్తుకొను ప్రాయముననే వచ్చెను.

హైదరాబాదున శిక్షణ పొంది 2012లో లండను ఒలింపిక్కులలో కంచుపతకము గెలిచిన సైనా నెహ్వాలుగారి పేరు మన పిల్లలెల్ల రెఱుగుదురు. ఆమె 2016లో రియో ఒలింపిక్కులందు మోకాలి గాయముతోనే ఆడి ఆరంభములోనే ఓడిరి. ఆ నెలలోనే శస్త్రచికిత్స చేయించుకొని, ఓర్పుతో కోలుకొని, 2017లో ప్రపంచ పోటీలలో కంచుపతకము గెలిచిరి. తన మోకాళ్లకు కీళ్లవ్యాధి గలదని ఆమెయే 2024లో తెల్పిరి. ఒకదానికి మఱియొకటి కారణమని చెప్పుటకు మేము వైద్యులము కాము. కాని ఆమె చరిత్రలో మెచ్చదగినది నొప్పితో ఆడుట యొక్కటియే కాదనియు, ఆగి, చికిత్స పొంది, మరల నిలుచుట యనియు మా యభిప్రాయము.

ఇంతవఱకు జెప్పినదానిని బట్టి మన పాఠశాలాధికారులకు మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: వారమునకు రెండు దినములైనను వ్యాయామపు గంటలో మొదటి పదునైదు నిమిషములును, ప్రతి పోటీకి ముందును, పైనిజెప్పిన యభ్యాసములను బాలబాలికల కందఱికిని చేయింపవలయును. రెండవది: మోకాలిలో చప్పుడు వినబడినను, వాచినను, కాలు నిలువక జారినను, ఆ విద్యార్థిని ఆ దినమున మరల ఆడనీయరాదు. ఈ నిర్ణయము ఆడువారి చేతిలో గాని, నాయకుని చేతిలో గాని, చూచువారి కేకలలో గాని యుండరాదు. ఒక ఉపాధ్యాయుని చేతిలో నుండవలయును. మూడవది: కుంటుచున్న పిల్లలను దండింపక, ఇంటివారికి వెంటనే తెలిపి వైద్యునియొద్దకు పంపవలయును.

వ్యాయామపు గంటయే కొంచెము. అందు పదునైదు నిమిషములు పోయినచో ఆడుటకేమి మిగులునని కొందఱందురు. ఆ పదునైదు నిమిషములును వ్యాయామమే గాని నష్టము గాదు. మఱికొందఱు, “అవి ఐరోపాలో పచ్చికపై ఆడు ఫుట్‌బాలు లెక్కలు, మన మట్టిపై ఆడు ఖోఖో, కబడ్డీలకు చెల్లునా?” యందురు. ఈ యాక్షేపణ కొట్టివేయదగినది కాదు. అవే యంకెలు మనకును వచ్చునని మేము వాగ్దానము చేయలేము. కాని హఠాత్తుగా ఆగి తిరుగు కాలు ఏ దేశముననైనను ఒక్క తీరుననే తెగును. వేలమందిలో ఇరువదియొక్కరికే గదా తెగినది యని లెక్కించువారును గలరు. నిజమే, లెక్కకు స్వల్పమే. ఆ స్వల్పములో మన బడి పిల్ల యొకతె చేరినదను సంగతి మాత్రము మేము మఱువజాలము.

అధికారులను కోరుటతో మా విధి తీఱదు. మా వంతుగా మేమును ఒక మాట యిచ్చుచున్నాము. ఇకమీదట ఈ సంచికలో గాయముతో ఆడినవారిని వీరులని పొగడము. మైదానపు ప్రక్కన నిలిచి, కుంటువారిని “లేమ్మా” యని కేకలు వేయము. “కూర్చుండుమమ్మా” యని చెప్పెదము. వచ్చు జూనులో బడి తెఱచిన మొదటి వారముననే ఈ పదునైదు నిమిషములు ఆరంభమగునని ఆశించుచున్నాము. ఆ బాలిక యిప్పుడు నిదానముగా నడచుచున్నది. వైద్యుడు చెప్పిన వ్యాయామములను దినదినము చేయుచున్నది. మొదటి దినమున అభ్యాసములను లెక్కపెట్టుటకు తాను వచ్చెదనని చెప్పినది.